ఒక వంతెన నేర్పిన చక్రవడ్డీ పాఠం



"చక్రవడ్డీ బ్యాంకు వాళ్లకు పనికొస్తుంది, మాకెందుకు మేడమ్?" అని ఎనిమిదో తరగతిలో ఒకరు అడిగారు. జవాబుగా ఒక వంతెన గురించి చెప్పాను.

యమునకు ఒక ఒడ్డున ఢిల్లీ, మరో ఒడ్డున నోయిడా. ఈ రెండింటినీ కలిపే 8 లేన్ల డీఎన్‌డీ ఫ్లైవే 2001లో మొదలైంది. ఒక ప్రైవేటు కంపెనీ దాన్ని కట్టి, టోల్ వసూలు చేసుకునేలా 1997లో ఒప్పందం జరిగింది. పెట్టుబడి పెట్టినవాళ్లకు డబ్బు తిరిగి రావాలి, అందులో తప్పు లేదు. చిక్కంతా ఒక షరతులో ఉంది. మొత్తం ఖర్చుపై కంపెనీకి ఏటా 20 శాతం రాబడి రావాలి. అంత రాకపోతే, తగ్గిన మొత్తాన్ని ఖర్చుకే కలపాలి. మరుసటి ఏడాది 20 శాతాన్ని ఆ పెరిగిన మొత్తంపై లెక్కించాలి.

పిల్లలకు చిన్న లెక్క ఇచ్చాను. ఖర్చు 100 రూపాయలు, ఏటా చేతికొచ్చేది 5 రూపాయలు. ఐదేళ్ల తర్వాత ఎంత మిగులుతుంది? చాలామంది "75" అన్నారు.

బోర్డు మీద చేసి చూశాం. మొదటి ఏడాది రావాల్సింది 20, వచ్చింది 5. మిగిలిన 15 కలిసి 115 అయింది. రెండో ఏడాది రావాల్సింది 23, వచ్చింది 5. మొత్తం 133. ఐదో ఏడాది చివరికి 211 దాటింది! 25 రూపాయలు కట్టాక కూడా బాకీ రెట్టింపు కన్నా ఎక్కువే. క్లాసంతా నిశ్శబ్దం.

నోయిడా నివాసుల సంఘాల సమాఖ్య కోర్టుకు వెళ్లింది. 2016 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు టోల్ ఆపించింది. కంపెనీ తన పెట్టుబడిని, లాభాన్ని ఇప్పటికే రాబట్టుకుందంటూ 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది.

మన ఇంటి అప్పుకు ఇంత పెద్ద కోర్టు కేసు ఉండదు. సంతకానికి ముందే లెక్క చూసుకోవాలి.

ఈ నెల ఇంట్లో చేయండి: ఏదైనా లోన్ కాగితం తీసి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. మూడు ప్రశ్నలు వాళ్లనే అడగనివ్వండి.

1. వడ్డీ ఎంత శాతం? నెలకా, ఏడాదికా?
2. ఏ మొత్తంపై లెక్కిస్తున్నారు?
3. ఒక నెల కట్టకపోతే, ఆ వడ్డీ ఎక్కడ కలుస్తుంది?

మూడో ప్రశ్నకు జవాబు వెతకగలిగితే, పాఠం అర్థమైనట్టే.

– మీ మ్యాథ్స్ టీచర్