రీసైకిల్ ప్లాస్టిక్‌తో వస్తువుల తయారీ

రీసైకిల్ ప్లాస్టిక్‌తో తయారీ అనగా వాడి పారవేసిన ప్లాస్టిక్‌ను సేకరించి, శుభ్రపరచి, కరిగించి, దానినే ముడిపదార్థంగా ఉపయోగించి కొత్త వస్తువులను తయారుచేయడం. ముడిచమురు లేదా సహజవాయువు నుండి మొదటిసారిగా తయారైన ప్లాస్టిక్‌ను వర్జిన్ ప్లాస్టిక్ అంటారు. రీసైకిల్ ప్లాస్టిక్ వాడకం వలన ముడిచమురు మరియు శక్తి ఆదా అవుతాయి. అయితే ఈ ప్రయోజనం ఎంత అనేది సేకరించిన ప్లాస్టిక్ ఎంత శుభ్రమైనది, ఎంతవరకు ఒకే రకానికి చెందినది అనే అంశాలపై ఆధారపడి ఉంటుంది.

నేపథ్యం

2017లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రకారం 1950 నుండి 2015 వరకు ప్రపంచంలో సుమారు 830 కోట్ల టన్నుల ప్లాస్టిక్ ఉత్పత్తి అయింది. అందులో సుమారు 630 కోట్ల టన్నులు వ్యర్థంగా మారింది. ఈ వ్యర్థంలో రీసైకిల్ అయినది సుమారు 9 శాతం మాత్రమే. 12 శాతాన్ని కాల్చివేయగా, మిగిలిన 79 శాతం చెత్తకుప్పలలోను, ప్రకృతిలోను పేరుకొనిపోయింది.

ప్లాస్టిక్ రకాలు

వేడిచేస్తే కరిగి, చల్లారిస్తే గట్టిపడే థర్మోప్లాస్టిక్‌లను మాత్రమే ఈ పద్ధతిలో తిరిగి వాడవచ్చును. బేకలైట్ వంటి థర్మోసెట్ ప్లాస్టిక్‌లు మరల కరగవు. రకాలను గుర్తించుటకు వస్తువుల అడుగున త్రికోణంలో 1 నుండి 7 వరకు అంకెలు ముద్రించే పద్ధతి 1988లో అమెరికాలో మొదలైంది. 1వ అంకె పెట్‌ను (నీళ్ల సీసాలు), 2 హెచ్‌డీపీఈని, 3 పీవీసీని, 4 ఎల్‌డీపీఈని, 5 పాలీప్రొపిలీన్‌ను, 6 పాలీస్టైరీన్‌ను, 7 ఇతర రకాలను సూచిస్తాయి. అంకె ఉన్నంత మాత్రాన ఆ వస్తువు తప్పక రీసైకిల్ అవుతుందని అర్థం కాదు.

తయారీ విధానం

పెట్ సీసాలను ఉదాహరణగా తీసుకొంటే, ముందుగా వాటిని రంగుల వారీగా వేరుచేసి, యంత్రాలతో చిన్న ముక్కలుగా చేస్తారు. కాస్టిక్ సోడా కలిపిన వేడినీటితో కడిగి, జిగురును, మురికిని తొలగిస్తారు. నీటిలో వేసినపుడు మూతల ముక్కలు తేలుతాయి, పెట్ ముక్కలు మునుగుతాయి. ఈ విధంగా రెండింటిని వేరుచేస్తారు. తరువాత ముక్కలను పూర్తిగా ఆరబెట్టి, కరిగించి, జల్లెడ గుండా పంపి గుళికలుగా మారుస్తారు. వ్యాపార వాడుకలో ఈ గుళికలను దానా అంటారు.

ప్రయోజనాలు

* చమురు శుద్ధి, పాలిమర్ తయారీ దశలు ఉండవు కనుక వర్జిన్ ప్లాస్టిక్‌తో పోలిస్తే శక్తి వినియోగం, కర్బన ఉద్గారాలు బాగా తగ్గుతాయి.
* చెత్తకుప్పలకు, కాలువలకు, సముద్రానికి చేరే వ్యర్థం తగ్గుతుంది.
* చెత్త ఏరేవారికి, పాత సామాన్ల వ్యాపారులకు, చిన్న పరిశ్రమలకు ఉపాధి లభిస్తుంది.
* బకెట్లు, చెత్తబుట్టలు, దిండ్లలో నింపే పాలిస్టర్ పీచు వంటివి తక్కువ ఖర్చుతో తయారవుతాయి.

లోపాలు

* నాణ్యత తగ్గుదల: కరిగించిన ప్రతిసారి వేడి వలన, తేమ వలన పెట్ అణువుల గొలుసులు తెగి పొట్టివవుతాయి. అందువలన బలం తగ్గుతుంది. ప్రత్యేక ప్రక్రియతో గొలుసులను తిరిగి పెంచవచ్చు గాని ఖర్చు పెరుగుతుంది.
* కల్తీ: పెట్, పీవీసీల సాంద్రత దాదాపు సమానం. రెండూ నీటిలో మునుగుతాయి కనుక నీటితో వీటిని వేరుచేయలేరు. పెట్ కరిగే 250–260 డిగ్రీల సెల్సియస్ వద్ద పీవీసీ విచ్ఛిన్నమై హైడ్రోజన్ క్లోరైడ్ వాయువును వెలువరిస్తుంది. కొద్దిపాటి పీవీసీ కలిసినా సరుకు రంగు మారి, పెళుసుబారుతుంది.
* ఆరోగ్యం: పాత వస్తువులోని రంగులు, రసాయనాలు కొత్త వస్తువులోకి చేరవచ్చు. ఎలక్ట్రానిక్ పరికరాల నల్ల ప్లాస్టిక్‌లో ఉండే, మంటలను నిరోధించే బ్రోమిన్ రసాయనాలు పిల్లల బొమ్మలలో కూడా కనుగొనబడ్డాయి.
* ధరల ఒడిదుడుకులు: ముడిచమురు ధర పడిపోతే వర్జిన్ ప్లాస్టిక్ చౌక అవుతుంది. 2020లో ఇటువంటి పరిస్థితి ఏర్పడింది. అప్పుడు పాత ప్లాస్టిక్‌కు గిరాకీ తగ్గి, ఆ నష్టం చెత్త ఏరేవారి వరకు చేరుతుంది.
* పరిమిత ఆవృత్తి: సీసా నుండి తయారైన వస్త్రం మరల సీసా కావడం అరుదు. అనేక సందర్భాలలో వ్యర్థం ఆలస్యమవుతుందే గాని ఆగదు.

భారతదేశంలో నిబంధనలు

రీసైకిల్ ప్లాస్టిక్ సంచులలో ఆహారపదార్థాలను ఉంచుటను 1999 నాటి నిబంధనలు నిషేధించాయి. 2018 నాటి ఆహార ప్యాకేజింగ్ నిబంధనలలోను ఈ నిషేధం కొనసాగింది. తరువాత, నిర్దేశిత ప్రమాణాలకు లోబడి శుద్ధిచేసిన పెట్‌కు అనుమతి లభించింది. 2022 ఫిబ్రవరిలో జారీ అయిన మార్గదర్శకాలు గట్టి ప్లాస్టిక్ ప్యాకేజింగ్‌లో 2025-26 నాటికి 30 శాతం, 2028-29 నాటికి 60 శాతం రీసైకిల్ ప్లాస్టిక్ ఉండాలని లక్ష్యాలు నిర్దేశించాయి. ఇందుకు తగిన నాణ్యత గల సరుకు లభించాలంటే ఇంటి వద్దనే తడిచెత్త, పొడిచెత్త వేరుచేయడం అవసరం. ఆహారం, నూనె అంటిన ప్లాస్టిక్‌ను శుభ్రపరచుటకు నీరు, ఖర్చు ఎక్కువై, చాలావరకు అది చెత్తకుప్పకే చేరుతుంది.

ఇవి కూడా చూడండి

* ప్లాస్టిక్
* పాలిమర్
* ఘన వ్యర్థాల నిర్వహణ