నగరం పెరిగితే ఆఫీసు ఎవరికి దూరం?

నగర సరిహద్దులు జరపడం పైకి పరిపాలనా విషయం. లోపల అది కూలి లెక్క.

1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడినా దాని కలెక్టరేట్ దశాబ్దాలపాటు హైదరాబాద్ నడిబొడ్డున, నాంపల్లి పక్కన లక్డీకాపూల్‌లోనే ఉండింది. జిల్లా ఆఫీసు జిల్లాలోనే ఉండాలన్న వాదన న్యాయమైనదే. కానీ ఆబిడ్స్, నాంపల్లి వైపు అన్ని దిక్కుల దారులూ కలుస్తయి.

2007లో 12 మునిసిపాలిటీలు, 8 పంచాయతీలు కలిసి నగరం జీహెచ్ఎంసీ అయింది. 2022 ఆగస్టులో రంగారెడ్డి కలెక్టరేట్ ఇబ్రహీంపట్నం మండలం కొంగరకలాన్‌కు పోయింది. ఆ చుట్టుపక్కల వాళ్లకు మేలే. మరి పడమటి వైపు చేవెళ్ల దళిత కూలీకి? నగరం దాటి అవతలి కొసకు పోవాలె.

అసైన్డ్ భూమి తగాదా, ఎస్సీ కార్పొరేషన్ రుణం, 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద పరిహారం - ఇవన్నీ కలెక్టరేట్ చుట్టే తిరుగుతయి. సోమవారం ప్రజావాణిలో దరఖాస్తు ఇస్తే ఒక రోజు కూలి పాయె. "మళ్లీ రా" అంటే ఇంకో రోజు. కారున్నోడికి దూరం లెక్కలోకి రాదు. లేనోడు పైరవీకారును పట్టుకుంటడు.

అందుకే ఆఫీసు ఎక్కడ కట్టారన్నదే కాదు, అక్కడికి ఏ ఊరి నుంచి నేరుగా బస్సుందో, ఏ పని మండలంలోనే తెగుతుందో కూడా మనం అడగాలె.