గీతకు ఈవల, ఆవల: జహీరాబాదు భూమి

హైదరాబాదునుండి షోలాపురము పోవు రాజమార్గమున సుమారు నూరు కిలోమీటర్లు సాగిన పిదప జహీరాబాదు వచ్చును. ఎర్రనేలయు నల్లరేగడియు పక్కపక్కనే కనబడు సీమ. చెరకునకు, అల్లమునకు, ఆలుగడ్డకు పేరుపడినది. ఇటీవల ఇచ్చటి చేలకు మరొక పేరు వచ్చినది: 'నిమ్జ్ దగ్గరి భూమి'. అమ్మువాడు మొట్టమొదట చెప్పునదీ, కొనువాడు చివరివరకు తరచి చూడనిదీ ఈ 'దగ్గర' అన్న మాటయే.

న్యాలకల్, ఝరాసంగం మండలములలోని 17 గ్రామములలో, సుమారు 12,635 ఎకరములలో తలపెట్టిన జాతీయ పెట్టుబడి, ఉత్పత్తి మండలమునకు కేంద్రప్రభుత్వము 2016లో తుది ఆమోదము నొసగినది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన 12 పారిశ్రామిక నగరములలో జహీరాబాదు ఒకటి. దానికి 3,245 ఎకరములు, 2,361 కోట్ల రూపాయలు. ఇంతవరకు నిజము. అందుచేత చుట్టుపట్ల ప్రతి సర్వే నంబరునకును విలువ హెచ్చినదనుట మాత్రము విచారింపదగిన విషయము.

భూమి గీతకు లోపలనున్నచో దాని ధరను నిర్ణయించునది బజారు వదంతి కాదు, 2013 నాటి భూసేకరణ చట్టము. ప్రాథమిక ప్రకటన వెలువడిన పిదప కలెక్టరు మినహాయింపు లేనిదే ఆ భూమిపై క్రయవిక్రయములు జరుపరాదు. పరిహారమునకు ఆధారము రిజిస్ట్రేషను విలువయో, గడచిన మూడేండ్లలో సమీపమున జరిగిన విక్రయములలో హెచ్చుధర పలికిన సగము దస్తావేజుల సగటో, ఏది ఎక్కువైన అది. గ్రామసీమలలో దానిని ఒకటి మొదలు రెండువరకు హెచ్చవేసి, అంతకంతయు ఓదార్పు సొమ్ము కలుపుదురు. ఇందొక చిత్రమున్నది. స్టాంపు ఖర్చు తగ్గించుకొనుటకై దస్తావేజులో ధర తక్కువ వ్రాయించుట మనవారికి అలవాటే కదా! ఆ కాగితమే రేపు పొరుగు రైతు పరిహారమును కోసివేయును.

గీతకు ఆవలి భూమి కథ వేరు. వ్యవసాయేతర వినియోగమునకు మార్పు పొందిన పత్రము చూపి, ఇక ఇండ్లస్థలములే యని చెప్పుదురు. ఆ పత్రము లేఅవుటు అనుమతి కాదు. ఎకరము 40 గుంటలు, అనగా 4,840 చదరపు గజములు. అమ్మకందారులు గజము ధరతో దీనినంతయు గుణింతురు. దారులు, ఖాళీస్థలము పోగా అమ్మదగినది అందులో ఎంత? బాగుపరచు ఖర్చెంత? అనుమతి వచ్చువరకు సొమ్ముపై వడ్డీ యెంత? ఇవి తీసివేసిన పిదప మిగులునదే ఎకరము విలువ. కొనదలచినవాడు ముందు సర్వే నంబరును సేకరణ ప్రకటనతోడను, హద్దులను టిప్పనుతోడను సరిచూచుకొని, పాత పహాణీలు తిరుగవేసి, ఎండకాలమున ఒకమారు బోరునీరు, బండిదారి స్వయముగా చూడవలెను.

పట్టాదారునకు మరొక లెక్క గలదు. సాగునకు పనికివచ్చు ఎకరము నమ్మి, ఆ సొమ్ముతో పొరుగూర మరియొక ఎకరము కొనబోయినచో, అచ్చటను 'నిమ్జ్ దగ్గర' అన్న ధరయే అతనికి ఎదురుపడును.