టార్బెర్నైట్: రసాయన సంఘటనం చెప్పని రేడియోధార్మికత

టార్బెర్నైట్ రాగి, యురేనియం గల సజల ఫాస్ఫేట్ ఖనిజం. దీని పాత పేరు చాల్కోలైట్. యురేనియం నిక్షేపాల ఆక్సీకరణ మండలంలో పలుచని ఆకుపచ్చ పలకలుగా ఏర్పడుతుంది. మోస్ మానంపై దీని కాఠిన్యం 2 నుండి 2.5. పొడిగాలిలో కొంత నీటిని కోల్పోయి మెటాటార్బెర్నైట్‌గా మారుతుంది. ఆటునైట్ వలె ఇది అతినీలలోహిత కాంతిలో మెరవదు. ఆ ప్రతిదీప్తిని రాగి అణచివేస్తుంది.

1898లో మేరీ క్యూరీ సహజ చాల్కోలైట్ రేడియోధార్మికత యురేనియం లోహపు రేడియోధార్మికతకు సుమారు రెండింతలని గుర్తించారు. శుద్ధ పదార్థాలతో అదే సంఘటనంలో కృత్రిమ చాల్కోలైట్‌ను తయారుచేసి కొలవగా ఆ ఆధిక్యం కనిపించలేదు. కనుక సహజ ఖనిజంలో స్వల్ప పరిమాణంలో మరొక క్రియాశీల మూలకం ఉండి తీరాలని ఊహించారు. ఆ ఏడాది జులైలో పొలోనియం, డిసెంబరులో రేడియం ఉనికి ప్రకటితమయ్యాయి. రెండింటినీ పిచ్‌బ్లెండ్‌లోనే గుర్తించారు.

ఈ రెండు మూలకాలూ యురేనియం విఘటన శ్రేణిలోనివే. రేడియం నుండి పుట్టే రేడాన్ వాయువు మూసిన అరలలో పోగుపడుతుంది. కావున కళాశాల ఖనిజ సంగ్రహాలలో ఈ నమూనాలను అతినీలలోహిత దీపంతో కాక గైగర్ గణకంతో పరీక్షించాలి; గాలి వెలుపలికి పోయే ఏర్పాటున్న చోట భద్రపరచాలి.