డొంకదారిన గుర్రం.. రైతింట రాత్రి బస

సాయంత్రం ఐదు దాటింది. కొండ దిగువన రాతిగోడల రైతిల్లు. పెరటి పక్కనే పచ్చిక మడి, చుట్టూ బ్యాటరీ కంచె. (మన దగ్గర పందుల కోసమని నేరుగా కరెంటు తీగ తగిలించి మనుషుల ప్రాణాలు తీసే కంచె కాదిది. ఝల్లుమనిపించి వదిలేస్తుంది, అంతే.) డొంకలోంచి ఎనిమిది గుర్రాలు ఒకదాని వెనుక ఒకటి దిగుతున్నాయి. వాటి మీద ఉన్నది రౌతులు కారు, పందెగాళ్లు కారు. పట్నంలో ఆఫీసు పనులు చేసుకునే ఆడా మగా. ఇంటావిడ వాళ్లను పలకరించే ముందు తొట్టి దగ్గరికి వెళ్లి నీళ్లు నిండా ఉన్నాయో లేదో చూసుకుంటుంది. ముందు గుర్రం, తర్వాతే మనిషి.

ఫ్రాన్సు దేశంలో దక్షిణాన సెవేన్ అనే కొండ ప్రాంతం ఉంది. వేసవి నెలల్లో అక్కడ ఇలాంటివి కనిపిస్తూనే ఉంటాయి. సెలవు పెట్టుకుని, డబ్బు కట్టి, ఐదారు రోజులు గుర్రం మీద పల్లె దారుల వెంట తిరగడమే వాళ్ల విహారం. రోజుకో ఊళ్లో బస. మనకిది డబ్బున్నవాళ్ల సరదాలాగే కనిపిస్తుంది. సరదాయే, కాదనడం లేదు. కానీ ఆ సరదా ఎవరి పొలం గట్టున నడుస్తోంది, ఎవరింట అన్నం తింటోంది, ఆ రైతుకు ఏం మిగులుస్తోంది అన్నది మనం తెలుసుకోవాల్సిన సంగతి.

గుర్రం లెక్క వేరు

రోజుకు ఇరవై నుంచి ముప్పై కిలోమీటర్లు. అంతకు మించి తోలరు. గుర్రం మామూలు నడక గంటకు ఆరు కిలోమీటర్ల లోపే. మధ్యాహ్నం ఓ గంటకు పైగా జీను దించి చెట్టు కింద కడతారు. నిటారుగా దిగుడు వస్తే ఎక్కినవాళ్లంతా దిగి, కళ్లెం పట్టుకుని నడవాల్సిందే. దారి చూపే మనిషికి దీనికోసమే ప్రత్యేకంగా చదివి, పరీక్ష ఇచ్చి తెచ్చుకున్న సర్టిఫికెట్ ఉంటుంది. పటం చూడడం, లాడం ఊడితే సర్దడం, ఏ గుర్రం ఏ గుర్రాన్ని తంతుందో కనిపెట్టడం అతని పని. పెద్ద సామాను చాలా చోట్ల వ్యానులో వెనకాల వస్తుంది.

బరువు దగ్గర మాత్రం మొహమాటం ఉండదు. గుర్రం తన ఒంటి బరువులో ఐదో వంతుకు మించి మోయకూడదన్నది పై హద్దు. జాగ్రత్తపరులు ఇంకా తక్కువే వేస్తారు. 450 కిలోల గుర్రం ఉందనుకోండి. జీను, సంచులు కలిపి పదిహేను కిలోలు పోతే, ఎక్కేవాడు 75 కిలోలు దాటకూడదు. అందుకే చాలా మంది పేరు రాసుకునేటప్పుడే ‘మీ బరువెంత’ అని అడిగేస్తారు.

ఎద్దును సాకినవాడు గుర్రాన్ని కూడా సాకగలనని అనుకుంటాడు. అక్కడే పొరపాటు. ఎద్దు గబగబా మేసి, తీరిగ్గా కూచుని నెమరేస్తుంది. గుర్రానికి నెమరు లేదు. దాని కడుపు చిన్నది, కొంచెం కొంచెంగా రోజంతా నములుతూనే ఉండాలి. పైగా వాంతి చేసుకోలేదు. మేత ఉన్నట్టుండి మార్చినా, బూజు పట్టిన గడ్డి పెట్టినా కడుపునొప్పి పట్టుకుంటుంది. ప్రాణం మీదికి కూడా వస్తుంది. రోజుకు ఎనిమిది నుంచి పది కిలోల ఎండుగడ్డి, పని చేసే రోజుల్లో ముప్పై నలభై లీటర్ల నీళ్లు కావాలి. ఎనిమిది గుర్రాలు ఒక రాత్రి ఆగితే ఆ రైతు వామిలోంచి ఎంత గడ్డి పోతుందో మీరే లెక్క వేసుకోండి. అందుకే మంచి గడ్డి కోసి, తడవకుండా దాచుకున్న రైతింటికే గుర్రాలు మళ్లీ వస్తాయి. ఇంటి సోకు చూసి రావు.

పట్టు పోయింది, జనం పోయారు

ఈ కొండల్లో పూర్వం గుర్రాల మీద వచ్చే అతిథులతో పనే లేదు. చెస్ట్‌నట్ కాయ వాళ్లకు తిండి. ఎండబెట్టి, పిండి పట్టి ఏడాదంతా తినేవాళ్లు. ఆ చెట్టును ‘రొట్టె చెట్టు’ అనేవాళ్లు. డబ్బు మల్బరీ మీద వచ్చేది. ఇంటింటా పట్టుపురుగుల పెంపకమే. 1850ల్లో పెబ్రిన్ రోగం వచ్చి పురుగులు కుప్పలుగా చచ్చాయి. ఆ సంగతి తేల్చడానికి 1865లో లూయీ పాశ్చర్ ఇక్కడికి, ఆలెస్ పట్టణానికి వచ్చాడు. గుడ్లు పెట్టిన తల్లి పురుగును నలిపి మైక్రోస్కోపులో చూడడం, రోగం కనిపిస్తే ఆ గుడ్లు పారేయడం అన్న పద్ధతిని అప్పుడే ఖాయం చేశాడు. హిందూపురం, మదనపల్లె వైపు మన పట్టు రైతులు రోగం లేని గుడ్లు తెచ్చుకుంటున్నారంటే, ఆ గుడ్ల కేంద్రాల్లో ఈనాటికీ జరిగే పరీక్షకు మూలం ఈ కొండలే.

రోగానికి మందు దొరికినా వ్యాపారం నిలవలేదు. తూర్పు దేశాల పట్టు చవకగా వచ్చి పడింది. తర్వాత కృత్రిమ పట్టు వచ్చింది. సాన్-జాన్-దు-గార్ అనే ఊళ్లో మిగిలిన పట్టు దారం మిల్లు 1965లో మూతపడింది. ఇప్పుడా భవనం మ్యూజియం. చెస్ట్‌నట్ చెట్లకూ 19వ శతాబ్దం చివర్లో వేరు తెగులు తగిలింది. పిల్లలు గనుల్లోకి, పట్నాల్లోకి వెళ్లిపోయారు. ఈ కొండల్లోని లోజేర్ జిల్లా ఫ్రాన్సు ప్రధాన భూభాగం మొత్తం మీద అన్నిటికంటే తక్కువ జనం ఉన్న జిల్లా. అయిదు వేల పైచిలుకు చదరపు కిలోమీటర్లలో ఎనభై వేల మంది కూడా లేరు. మన పెద్ద మండలం ఒక్కటి చాలు, అంత జనానికి.

దేశమంతటా గుర్రం కథా అలాగే ముగిసిపోయేది. 20వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్సులో ముప్పై లక్షల దాకా గుర్రాలుండేవి. దున్నడం, బండి లాగడం అన్నీ వాటితోనే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ట్రాక్టరు వచ్చింది. 1960ల మధ్యకు ట్రాక్టర్లు పది లక్షల దరిదాపుకు చేరాయి, గుర్రం కొట్టం ఖాళీ అయింది. పెర్షెరాన్, బ్రెటన్ వంటి భారీ జాతుల్ని మాంసం కోసం పెంచడం వల్లే అవి పూర్తిగా అంతరించకుండా మిగిలాయన్నది చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉన్నా నిజం. సవారీ గుర్రాలకు మాత్రం పట్నం జనం సెలవులు కలిసొచ్చాయి. 1936లో చట్టం చేసి కార్మికులకు రెండు వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చారు. 1956లో అది మూడు, 1969లో నాలుగు, 1982లో ఐదు వారాలైంది. సెలవు దొరికినవాడికి వెళ్లడానికి ఒక చోటు కావాలి. పల్లెల్లో ఇళ్లు ఖాళీగా పడి ఉన్నాయి. ఖాళీ రైతిళ్లను బాగు చేసి సెలవులకు వచ్చేవాళ్లకు అద్దెకివ్వడం 1951లో ఆల్ప్స్ కొండల్లో ఒక ఇంటితో మొదలైంది. 1955కి ఆ పద్ధతి దేశవ్యాప్త సంఘంగా ఏర్పడింది. 1988లో రైతుల వ్యవసాయ మండళ్లే రైతింట బస, రైతింట భోజనం కోసం ఒక ఉమ్మడి గుర్తు పెట్టాయి.

గాడిదను కొన్న దొర

సెవేన్ దారి పేరు బయటికి రావడానికి కారణం మాత్రం ఒక గాడిద. 1878 సెప్టెంబరులో స్టీవెన్సన్ అనే ఇరవై ఏడేళ్ల స్కాట్లాండ్ రచయిత 65 ఫ్రాంకులు, ఓ గ్లాసు బ్రాందీ ఇచ్చి ఒక గాడిదను కొన్నాడు. పేరు మొదెస్తిన్. దొరకు మూట కట్టడం రాదు. బరువు ఒక పక్కకు ఒరిగిపోయేది. గాడిద అడుగులో అడుగు వేసేది. దారిలో ఒక పూటకూళ్లాయన జాలిపడి ములుకర్ర చేసిచ్చాక గానీ అది కదల్లేదు. పన్నెండు రోజులు, రెండొందల కిలోమీటర్లు నడిచి, చివరికి దాన్ని 35 ఫ్రాంకులకు అమ్మేశాడు. బేరంలో ముప్పై ఫ్రాంకులు నష్టం! ఆ ప్రయాణం మీద మరుసటి ఏడాది పుస్తకం రాశాడు. ఇప్పుడా దారికి అతని పేరే. జనం కాలినడకన, గాడిదల్ని అద్దెకు తీసుకుని, గుర్రాల మీద కూడా ఆ దారి పడతారు. 2020లో అదే దారి మీద ఒక సినిమా వస్తే గాడిదలకు గిరాకీ ఇంకా పెరిగింది.

అసలు ఆస్తి డొంకే

ఇన్ని చెప్పినా, గుర్రం నడవడానికి తారు రోడ్డు పనికిరాదు. గిట్టలు జారతాయి, కీళ్లు అరుగుతాయి, లారీ హారనుకు బెదురుతుంది. మట్టి దారి కావాలి. సెవేన్‌లో ఆ దారులు రెండు రకాలు. ఒకటి ఊరి బండ్ల బాట. రెండోది గొర్రెల మందలు వేసవిలో పల్లం నుంచి మోన్ లోజేర్ కొండ మీది పచ్చికకు ఎక్కడానికి వందల ఏళ్లుగా తొక్కిన మంద దారి. ఆ కొండ 1,699 మీటర్ల ఎత్తు. ఈ మందల మేపు తీర్చిదిద్దిన భూమి కాబట్టే 2011లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆ డొంకలు అన్ని చోట్లా మిగల్లేదు. యుద్ధం తర్వాత ఫ్రాన్సులో కమతాల ఏకీకరణ పెద్ద ఎత్తున జరిగింది. చిన్న మడుల్ని కలిపి ట్రాక్టరుకు అనువుగా చేసేటప్పుడు మైదానాల్లో కంచె మొక్కల వరసలు, వాటి వెంట బాటలు నాగలి కిందికి పోయాయి. మిగిలినవాటికి పక్క రైతుల బెడద. అక్కడ ఊరి బాట పంచాయతీ సొంత ఆస్తిగా ఉంటుంది. కానీ ముప్పై ఏళ్లు ఎవరైనా అడ్డులేకుండా దున్నుకుంటే, అది తనదేనని కోర్టుకెళ్లే వీలుంది. వాడని దారి పోయిన దారే. 1983లో ఒక చట్టం తెచ్చి, జిల్లాలు విహార దారుల జాబితా తయారు చేసుకునే ఏర్పాటు చేశారు. ఆ జాబితాలోకెక్కిన ఊరి బాటను పంచాయతీ అమ్మదలిస్తే బదులు దారి చూపాలి. చూపకపోతే ఆ అమ్మకమే చెల్లదు. గుర్రాలవాళ్లు, నడకవాళ్లు ఏటా ఆ దారిన పోవడం వల్ల ఊరికి దక్కే లాభం ఇదే. దారి బతికి ఉన్నట్టు సాక్ష్యం దొరుకుతుంది.

మన ఊళ్ల సంగతి వేరే చెప్పాలా? డొంక అన్నా, పుంత అన్నా, బండ్ల బాట అన్నా గ్రామ నక్షాలో నిక్షేపంగా ఉంటుంది. నేల మీద వెతికితే ఇటువైపు రెండు సాళ్లు, అటువైపు రెండు సాళ్లు కలిసిపోయి, కోత మిషను లోపలి చేనుకు పోవాలంటే పక్కవాడి కాళ్లు పట్టుకోవాల్సి వస్తోంది. నష్టపోయేది ఎప్పుడూ లోపలి చిన్న రైతే.

రైతుకు మిగిలేదెంత?

గుర్రాన్ని ఒక రాత్రి కట్టేసుకున్నందుకు వచ్చేది స్వల్పమే. గడ్డి ఖర్చు పోను చేతిలో పెద్దగా ఆడదు. మిగిలేది మనిషి పడక మీద, భోజనం మీద. ఇంటి గదుల్లో బస పెట్టాలంటే చట్టప్రకారం ఐదు గదులు, పదిహేను మందికి మించకూడదు. భోజనం ఇంటివాళ్లతో కలిసి ఒకే బల్ల మీద, వండింది ఒకటే. హోటల్ లాగా ఎంచుకోవడం ఉండదు. ఇక్కడే తెలివి ఉంది. బల్ల మీదకు వచ్చేది ఇంటి సరుకే. మేక పాల జున్ను పెలార్దోన్, రాళ్ల గట్ల మడుల్లో పండే తీపి ఉల్లిగడ్డ, చెస్ట్‌నట్. జున్నుకు 2000లో, ఉల్లికి 2003లో ప్రాంతం పేరుతో రక్షణ దక్కింది. సంతలో తూకానికి అమ్మితే వచ్చే ధర వేరు, తన బల్ల మీద వడ్డిస్తే వచ్చేది వేరు. 2005 ఫిబ్రవరిలో వచ్చిన చట్టం ఇంకో మేలు చేసింది. గుర్రాన్ని సవారీకి తయారు చేయడం, తర్ఫీదివ్వడం కూడా అక్కడ వ్యవసాయం కిందికే వస్తాయి.

అలాగని అంతా వెన్నముద్ద కాదు. అతిథులు వరసగా దిగేది వేసవిలో. గడ్డి కోతలూ అప్పుడే. ఇంటావిడ పొద్దున మేకల పాలు పితికి, పక్క దుప్పట్లు ఉతికి, ఆరుగురికి పన్నెండు మందికి వండి, మధ్యలో మడికి పోవాలి. ఈ ఆదాయం చాలా వరకు ఆమె నడుము మీద నిలబడిందని పైకి ఎవరూ చెప్పరు. చలికాలం కొండ మీద మంచు, రాబడి ఉండదు. 2022 లాంటి కరువేడు వస్తే వాగులు ఎండి మనుషుల నీళ్లే కరువు, ఇక గుర్రాలకెక్కడ? శరదృతువులో ఒక్క రోజు కుండపోతకే బాటలు కోసుకుపోతాయి. ఇక తెలియని అతిథులు పచ్చిక మడి తలుపు తీసి వదిలేస్తే ఊరి గొర్రెలన్నీ కలిసిపోతాయి. అందుకే పొద్దున్నే చెప్పే మొదటి మాట ఒకటే: తలుపు ఎలా ఉంటే అలాగే వదలాలి. మూసి ఉంటే మూసి, తెరిచి ఉంటే తెరిచి.

పొద్దున ఎనిమిదింటికి దారి చూపే మనిషి ఒక్కో గుర్రం వీపు మీద అరచేత్తో నిమురుతూ వస్తాడు. మన దగ్గర కాడి పుండు ఎలాగో, అక్కడ జీను పుండు అలాగ. మూడో గుర్రం వీపున చిన్న వాపు తగిలింది. ఇక ఆ గుర్రానికి ఆ రోజు జీను లేదు. దాన్ని ఎక్కాల్సిన మనిషి, డబ్బు కట్టిన మనిషే, ఇరవై రెండు కిలోమీటర్లూ కళ్లెం పట్టుకుని పక్కన నడవాలి. ఎవరూ గొణగరు. గుర్రాలు డొంక మలుపు తిరిగేసరికి ఇంటాయన మడిలో పేడ పారతో ఎత్తి ఉల్లి మడి పక్కన కుప్ప వేస్తున్నాడు. ఇంటావిడ తొట్టి కడిగి మళ్లీ నీళ్లు పడుతోంది. ఎల్లుండి ఇంకో ఆరు గుర్రాలు వస్తాయి.