బోర్డు మీద లేని భోజనం

బెల్లం పులుసు, నువ్వుపొడి కూర, ఎండునెత్తళ్ల ఇగురు... విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల అసలు రుచులు ఇవే. హైవే మీద మాత్రం వీటి జాడ ఉండదు. బండి కాస్త లోపలికి తిప్పాల్సిందే.

విశాఖపట్నం దాటి శ్రీకాకుళం వైపు హైవే ఎక్కారా? ఆకలి గురించి బెంగ అక్కర్లేదు. రోడ్డుకి అటూ ఇటూ దాబాలే. బటర్ నాన్, పనీర్ బటర్ మసాలా, చికెన్ 65, దమ్ బిర్యానీ... బోర్డు చదవడం పూర్తయ్యేసరికే సగం కడుపు నిండుతుంది. చిక్కల్లా ఒకటే. ఆ బోర్డు చూసి మీరు ఏ జిల్లాలో ఉన్నారో చెప్పలేరు. అలాంటిదే నెల్లూరు దగ్గరా కనిపిస్తుంది, నాగపూర్ దగ్గరా కనిపిస్తుంది.

మరి ఆనపకాయ నువ్వుపొడి కూర ఏదీ? ఆవపెట్టిన పనసపొట్టు ఏదీ? గుమ్మడికాయ ముక్కలు వేసి, చివర్లో బెల్లం తగిలించిన పులుసు ఏదీ? ఈ జిల్లాల్లో ఏ ఇంటికి వెళ్లినా ఎరిగిన వంటలే ఇవన్నీ. హోటల్ బోర్డు ఎక్కడానికి మాత్రం వాటికి మొహమాటం.

కలకత్తా-మద్రాసు రోడ్డు ఒకప్పుడు ఊళ్ల మధ్యలోంచే పోయేది. నరసన్నపేట, టెక్కలి, కాశీబుగ్గ... బస్సు ఆగినా, లారీ ఆగినా ఊళ్లోనే. వండిన కూరే డ్రైవరూ తినేవాడు, సంతకొచ్చిన రైతూ తినేవాడు. స్వర్ణ చతుర్భుజి పథకంలో రోడ్డు నాలుగు వరుసలయ్యాక ఊళ్లు పక్కకు తప్పుకున్నాయి. ప్రయాణం తేలికైంది, నిజమే. బాటసారికీ ఊరి హోటల్‌కీ మాత్రం చుట్టరికం తెగిపోయింది.

గిరీశం తిన్న ఊరు

విజయనగరం సంగతి వేరు. అది ఎప్పుడూ ఆ పెద్ద రోడ్డు మీద లేదు. పని ఉన్నవాళ్లే లోపలికి వెళ్తారు. అందుకేనేమో, అక్కడ డబ్బులిచ్చి అన్నం తినే అలవాటుకి పెద్ద చరిత్రే ఉంది. 1892లో తొలిసారి ప్రదర్శించిన ‘కన్యాశుల్కం’ చదివినవాళ్లకు పూటకూళ్లమ్మ గుర్తుండే ఉంటుంది. గిరీశాన్ని వెతుక్కుంటూ చీపురుకట్ట పట్టుకుని వచ్చేస్తుందే, ఆవిడే. హోటల్ అనే మాట వాడుకలోకి రాకముందు బాటసారికీ, ఇల్లు లేని బ్రహ్మచారికీ పూటకింతని తీసుకుని అన్నం పెట్టినవి పూటకూళ్ల ఇళ్లే. ఆ మాత్రం డబ్బూ లేనివాళ్లకు వారాలూ మధుకరమూ ఉండేవి. 1919లో మొదలైన ఈ ఊరి సంగీత కళాశాలలో చదువుకోవడానికి వచ్చిన ఘంటసాల జోలె పట్టి కడుపు నింపుకున్న సంగతి తెలుగువాళ్లందరికీ తెలిసిందే.

పూటకూళ్లమ్మకు ఇప్పుడు వారసులు మెస్సులవాళ్లు. గంటస్తంభం చుట్టుపక్కల సందుల్లోనో, కాలేజీల దగ్గరో నాలుగు బల్లలుంటాయి. లోపల ఆవిడ వండుతుంది, బయట ఆయన వడ్డిస్తాడు. పొద్దున్నే వెళ్తే ఇడ్లీ, పూరీ. వాటితో బొంబాయి చట్నీ. పేరులో బొంబాయి ఉన్నా ఉత్తరాంధ్రవాళ్లు దాన్నెప్పుడో దత్తత తీసేసుకున్నారు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేయించి, శనగపిండి నీళ్లలో కలిపి పోసి చిక్కబడేదాకా ఉడికిస్తారు. వేడిగా ఉన్నంతసేపే దాని వైభవం. చల్లారితే గడ్డే.

మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా వెళ్లడం మేలు. రెండు దాటితే పులుసు అడుగంటుతుంది. ‘ఏటెయ్యమంటారు బావూ’ అని అడిగితే బోర్డు వైపు చూడకండి. ఈ పూట ఇంట్లోకి ఏం వండుకున్నారని అడగండి. హోటల్‌కి వండిన సాంబారుతో పాటు వెనకాల ఓ చిన్న గిన్నెలో ఇంటి కోసం కాచిన పులుసు ఉండే అవకాశం ఎక్కువ. అడిగినవాళ్లకు ఓ గరిటెడు కాదనే గుణం ఈ ప్రాంతానికి లేదు.

ఇంత రుచిని బోర్డు మీద ఎందుకు పెట్టరు? చిన్నతనమా? కొంత అదీ ఉంది. అంతకంటే ఎక్కువగా ఇది లెక్క. ఈ హోటళ్లకు రోజూ వచ్చేది ఊరివాళ్లే. కచేరీ గుమస్తా, కాలేజీ కుర్రాడు, ఆసుపత్రికొచ్చిన పల్లెటూరి మనిషి. బెల్లం పులుసు వాళ్ల ఇంట్లోనే ఉంది. బయట తింటే ఇంట్లో లేనిది తినాలి కదా! వాళ్లకి కావాల్సింది బిర్యానీ, ఫ్రైడ్ రైస్. పులుసు కోసం మొహం వాచిన పరాయి ఊరివాడేమో బైపాస్ మీద నాన్ తింటున్నాడు.

ఈ లెక్క మెల్లగా తిరగబడుతోంది. తిప్పుతున్నవి కర్రీ పాయింట్లు. పిల్లలు విశాఖకో, హైదరాబాద్‌కో, ఇంకా దూరాలకో వెళ్లిపోయారు. ఇద్దరే మిగిలిన ఇళ్లలో పనసపొట్టు కొట్టే ఓపిక ఎవరికుంది? సాయంత్రం క్యారియర్ పట్టుకుని కూర కొనుక్కునేవాళ్లకి కావాల్సింది ఇంటి వంటే. ఊళ్లోంచి మనుషులు వెళ్లిపోయాక ఊరి వంట అంగట్లోకి వచ్చిందన్నమాట. చోడంబలిదీ అదే కథ. రాగుల్ని ఇక్కడ చోళ్లంటారు. ఒకప్పుడు పొలానికెళ్లే కూలీ తాగిన అంబలి ఇప్పుడు తోపుడుబండి మీద గ్లాసుల్లో అమ్ముడవుతోంది. మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలతో. ఎక్కువగా తాగుతున్నది తెల్లారగట్ల నడకకొచ్చిన షుగరు పేషెంట్లు.

వేసవిలో వెళ్తే లక్కవరపుకోట మండలం భీమాలి మామిడి తాండ్ర మర్చిపోవద్దు. చాపల మీద రసం పొర మీద పొర పోస్తూ ఎండబెట్టేది.

నెత్తళ్లు ఇక్కడ, వంజరం ఎక్కడో

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. కళింగపట్నం, భావనపాడు, బారువ... పేర్లు చదివితేనే చేపల పులుసు వాసన రావాలి. కానీ పట్నంలో హోటల్‌కెళ్లి చేపంటే చాలాచోట్ల దొరికేది చెరువు చేపే. వంజరం, చందువా లాంటి ఖరీదైనవి ఐసు పెట్టెలెక్కి వెళ్లిపోతాయి. మిగిలేవి నెత్తళ్లు, కవ్వళ్లు, కానాగంతలు. బీదవాడి చేపలని పేరుపడ్డాయి కానీ, రుచిలో వంజరం వీటి ముందు దిగదుడుపే. ఎండునెత్తళ్లు తలలు తుంచి, దోరగా వేయించి, వంకాయతోనో మామిడికాయతోనో దగ్గరకొచ్చేదాకా ఇగరబెడితే వేరే కూర అక్కర్లేదు. తీరానికి దగ్గరగా ఉన్న పాక హోటళ్లలో అడిగి చూడండి.

చేపలే కాదు, పట్టేవాళ్లూ వెళ్లిపోతున్నారు. సరైన హార్బర్ లేక ఇక్కడి మత్స్యకారులు ఏటా గుజరాత్‌లోని వేరావల్‌కి కూలికి వెళ్తారు. అలా వెళ్లినవాళ్లే 2018లో పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో ఇల్లు చేరారు.

శ్రీకాకుళంలో ఆగినవాళ్లు ఎటూ అరసవల్లి వెళ్తారు. రథసప్తమి రోజుల్లో అయితే ఆలయం దగ్గర భక్తులు పిడకల మీద వండే క్షీరాన్నం పొగ దూరం నుంచే పలకరిస్తుంది.

పలాస-కాశీబుగ్గ చేరేసరికి కూరలో జీడిపప్పు కనిపిస్తుంది. కోడిగుడ్డుతో, కోడి మాంసంతో, ఏమీ లేకపోతే ఒట్టి జీడిపప్పుతోనే మసాలా కూర. గుండు పప్పు అయితే సైజు చూసి ఊరు దాటిస్తారు. 320 రకం అంటే పౌనుకి మూడొందల పైచిలుకు పలుకులని లెక్క. కూరలోకి వచ్చేది బద్ద. పళ్లెంలో తెల్లగా మెరిసే ఆ పలుకు వెనక నల్లబడిన వేళ్లున్నాయి. గింజ కొట్టేటప్పుడు పెంకులోంచి చిమ్మే జీడి చర్మాన్ని కాల్చేస్తుంది. ఆ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు వేళ్లతో సహా లేచిపోయాయి. కొత్త మొక్క కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. అందుకే మార్చి, ఏప్రిల్ నెలల్లో ఏ హోటల్లోనైనా లేత పచ్చి జీడిపప్పు కూర దొరికితే ధర గురించి బేరమాడకండి.

సోంపేట దాటి ఇచ్ఛాపురం వైపు వెళ్లేకొద్దీ పేర్లు మారతాయి. అసలు ఈ మార్పు విజయనగరంలోనే మొదలైంది. కింది జిల్లాల మరమరాలు ఇక్కడ మురీలు. ఒడియావాళ్ల మూఢీకి దగ్గరి చుట్టం. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గంజాం జిల్లా చీలింది. బరంపురం అటు వెళ్లింది, ఇచ్ఛాపురం ఇటు మిగిలింది. రెంటి మధ్య దూరం పాతిక కిలోమీటర్లు. నాలుకకు ఆ గీత తెలియలేదు. ఒక మూకుడులో మన గారెలు వేగుతుంటే పక్క గిన్నెలో బఠాణీల ఘుగునీ ఉడుకుతుంటుంది. గారెల్ని ఘుగునీలో ముంచి ఆకు దొన్నెలో పెట్టిస్తే అది బరా-ఘుగునీ. మిఠాయి కొట్లో మన బూందీ లడ్డూ పక్కనే పైన ఎర్రగా మాడిన ఛెనాపొడ. విరిగిన పాలముద్దలో పంచదార కలిపి, నిప్పుల సెగ మీద నిదానంగా కాల్చింది. రేటు తెలుగులో అడిగినా, ఒడియాలో అడిగినా కొట్టువాడు తూకం వేసేది ఒకేలా.