సాకెట్టుకు వేలాడే బరువు

వెన్న శాతం చూసే మిషను పాడైందని ఏదైనా సంఘం నుంచి కబురు వస్తే మేము ముందుగా మిషను విప్పము. దాని వెనుక వైపుకు వెళ్ళి, అక్కడ ఏమేమి వేలాడుతున్నవో చూస్తాము. చాలాసార్లు జబ్బు అక్కడే కనబడుతుంది.

గెర్బర్ పరీక్ష రోజులు పెద్ద సభ్యులకు జ్ఞాపకమే. 10 మి.లీ. సల్ఫ్యూరిక్ ఆమ్లం, 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. ఎమైల్ ఆల్కహాలు బ్యూటిరోమీటరులో పోసి, సెంట్రిఫ్యూజులో తిప్పి, 65 డిగ్రీల వేడినీళ్ళలో ఉంచి, వెన్న ఏ గీత దగ్గర నిలిచిందో చదివేవారు. అప్పుడు పగిలేది గాజు. పగిలితే అందరికీ కనబడేది. ఇప్పటి ఎలక్ట్రానిక్ మిషనులో పగిలేది కంటికి కనబడదు. అందుకే ఈ నాలుగు మాటలు.

మిషను వెనుక ఎన్ని తగిలించి ఉంటాయో ఒకసారి లెక్కపెట్టండి. కరెంటు ఇచ్చే ఎడాప్టరు వైరు, తూకం కాటా నుంచి వచ్చే వైరు, చీటీ కొట్టే ప్రింటరు వైరు, కిటికీలో సభ్యులకు అంకెలు చూపే డిస్ప్లే వైరు, ఇవిగాక లెక్కలు ఎక్కించుకునే పెన్‌డ్రైవు. ఇవన్నీ దూరే సాకెట్లు బయటికి గట్టిగా కనబడతాయి గాని, లోపల వాటి పిన్నులను పచ్చని బోర్డుకు పట్టి ఉంచేది కొంచెం టంకమే. టంకం మెత్తని లోహం. దాని పని కరెంటును అందించడం, బరువు మోయడం కాదు.

గేదెను కట్టిన గుంజను చూడండి. గేదె రాత్రింబవళ్ళు గుంజినా గుంజ విరగదు. దాని చుట్టూ మట్టి వదులవుతుంది. ఒకనాడు గుంజ ఊడి చేతికి వస్తుంది. సాకెట్టు పిన్ను చుట్టూ టంకం కూడా అట్లాగే, వెంట్రుక వాసి పగులుతో మొదలవుతుంది.

అన్నిటికంటె ఎక్కువ హాని చేసేది పొడుగ్గా బయటికి పొడుచుకు వచ్చే వస్తువు. పెన్‌డ్రైవు సాకెట్టు లోపలికి పోయేది సుమారు సెంటీమీటరు, బయట ఉండేది ఐదారు సెంటీమీటర్లు. బోరింగు పంపు పిడి పొడుగ్గా ఉంటేనే గదా చిన్నపిల్ల కూడా నీళ్ళు కొట్టగలిగేది! ఆ బలమే ఇక్కడ మనకు ఎదురు తిరుగుతుంది. బయటి కొసను మోచేతితో కిలో బరువున నొక్కితే, లోపల సాకెట్టు మీద దానికి ఐదారు రెట్లు పడుతుంది. పాల క్యాను జరుపుతూ తగిలిందా, ఇక చెప్పనక్కరలేదు.

దూర్చి తీయడానికి కూడా ఒక లెక్క ఉంది. మామూలు యు.ఎస్.బి. సాకెట్టు కనీసం 1500 సార్లు తట్టుకోవాలని ప్రమాణం. రోజుకు రెండు పూటలు పెన్‌డ్రైవు పెట్టి తీస్తే ఏడాదికి 730. అంటే రెండేళ్ళకే ఆ హద్దు వచ్చేస్తుంది.

పగులు వచ్చిన మిషను పూర్తిగా ఆగిపోదు. అదే చిక్కు. వైరు అటూ ఇటూ కదిపితే పనిచేస్తుంది, వదిలితే ఆగుతుంది. కార్యదర్శి దాని కింద కాగితం మడత పెడతాడు. మరునాటికి అగ్గిపెట్టె వస్తుంది. ఇట్లా ఎత్తు పెట్టిన కొద్దీ పగులు పెద్దదవుతుంది. వైరు వదులైనంత మాత్రాన సాధారణంగా వెన్న అంకె తప్పు రాదు. అసలు అంకే రాదు, లేదా పరీక్ష మధ్యలో మిషను ఆగి మళ్ళీ మొదలవుతుంది. శాంపిలు మళ్ళీ పెట్టాలి, వరుస కదలదు, క్యానులో పాలు వేడెక్కుతాయి. చీటీ రాకపోతే చేతితో వ్రాస్తారు. చేతితో వ్రాసిన అంకె మీద సభ్యునికి అనుమానం వస్తుంది. ఇట్టి తగాదా ఒకటి మేము స్వయంగా విన్నాము. ఇద్దరిదీ తప్పు లేదు, తప్పు ప్రింటరు సాకెట్టుది.

దీనికి మందు ఖరీదైనది కాదు. పెన్‌డ్రైవును నేరుగా మిషనుకు గుచ్చకుండా, జానెడు ఎక్స్‌టెన్షన్ వైరు ఒకటి శాశ్వతంగా తగిలించి దాని కొసకు పెట్టండి. అరిగితే వైరే అరుగుతుంది, మిషను నిలుస్తుంది. తొమ్మిది పిన్నుల ప్లగ్గుకు రెండు పక్కలా స్క్రూలు ఊరికే ఇవ్వలేదు. వాటిని వేళ్ళతో బిగిస్తే బరువు మిషను డబ్బా మీద పడుతుంది, పిన్నుల మీద పడదు. చాలాచోట్ల ఈ స్క్రూలను తిప్పిన చెయ్యే లేదు. ప్రతి వైరునూ సాకెట్టుకు బెత్తెడు దూరంలో కొంచెం వదులుంచి బల్లకు కట్టండి. సాకెట్టుకు చేరేముందు వైరు కిందికి వంగి పైకి లేచేట్లు ఉంచితే, బల్ల కడిగిన నీళ్ళు వైరు వెంట లోపలికి పోవు. బరువైన ఎడాప్టరును గోడ సాకెట్టుకు వేలాడదీయకుండా బల్లమీది బోర్డులో పెట్టండి. తీసేటప్పుడు మిషను ఆపి, ప్లగ్గు తల పట్టుకుని తీయాలి. వైరు పట్టి లాగరాదు.

ఇప్పటికే ఊగుతున్న సాకెట్టు ఉంటే కాగితాలు కుక్కవద్దు. మెకానిక్కుకు చూపితే మళ్ళీ టంకం వేస్తాడు. ఆలస్యమైతే బోర్డు మీది రాగి గీతే లేచిపోతుంది, అప్పుడు బోర్డే మార్చవలసి వస్తుంది.

సభ్యులకు కూడా ఒక మాట. కిటికీలో డిస్ప్లే మీద ఆనుకోవద్దు, పిల్లలను దాని వైరుతో ఆడుకోనీయవద్దు. అంకెలు మిణుకుమిణుకుమంటే ఆ పూటే కార్యదర్శికి చెప్పి, మీ శాంపిలు మళ్ళీ పెట్టించుకోండి. మిషను రిపేరుకు పోయిన రోజులకు గెర్బర్ సామాను సిద్ధంగా ఉన్నదో లేదో పాలకవర్గం వారు ఈ వారమే చూసుకుంటే మంచిది. మేము చూసిన ఒక చోట బ్యూటిరోమీటర్లు ఉన్నాయి గాని రబ్బరు మూతలు ఎలుకలు కొరికేశాయి.